కాదంటే కాదని రాయండి, కారణం కూడా రాయండి

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖలోని అరుదైన వ్యాధుల సాంకేతిక కమిటీ సభ్యులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖల మంత్రులకు,

నమస్కారం.

నెలకి రెండుసార్లు మా మనవరాలిని ఆసుపత్రిలో బరువు చూసే మిషన్ ఎక్కిస్తారు. మామూలు ఇళ్లల్లో పిల్ల కిలో పెరిగిందంటే దిష్టి తీస్తారు. మా ఇంట్లో కాగితం, పెన్ను తీస్తాం. పాపకి ఉన్నది గౌచర్ వ్యాధి, మొదటి రకం. (ఆ పేరుని ఒక్కో డాక్టరు ఒక్కోలా పలుకుతారు, మేం ఇలా అంటున్నాం.) ఒంట్లో తయారవాల్సిన ఎంజైమ్ ఒకటి సరిగ్గా తయారవదు. దానివల్ల ఒక రకం కొవ్వు కరగకుండా ప్లీహంలో, కాలేయంలో, ఎముకల మూలుగలో పేరుకుపోతుంది. ఆ ఎంజైమ్‌ని రెండు వారాలకోసారి సెలైన్‌లో కలిపి ఎక్కించాలి. మా పాపకి డాక్టర్లు రాసింది కిలో బరువుకి 60 యూనిట్లు. పన్నెండు కిలోలున్నప్పుడు 720 యూనిట్లు పట్టేది. ఇప్పుడు పద్దెనిమిది కిలోలు, 1,080 యూనిట్లు. సీసాకి 400 యూనిట్లుంటాయి. రెండు సీసాల్లోపు సరిపోయే మందు మూడో సీసాలోకి వెళ్లింది. మందు పనిచేస్తోంది కాబట్టే పిల్ల ఎదుగుతోంది. ఎదుగుతోంది కాబట్టే ఖర్చు పెరుగుతోంది. ఒక్కో రోగికి మొత్తం మీద ప్రభుత్వం ఇచ్చే యాభై లక్షలు మాత్రం అక్కడే ఉన్నాయి.

నేను శ్రీకాకుళం జిల్లాలో సబ్ ట్రెజరీ ఆఫీసరుగా రిటైరయ్యాను. ముప్పై ఏళ్లకి పైగా నా పని ఒక్కటే, సర్కారు డబ్బు బయటికి వెళ్లే గుమ్మం దగ్గర కూర్చోవడం. కాబట్టి నేను మీకు కన్నీళ్లతో రాయడం లేదు. డబ్బు అందరికీ సరిపోదన్న సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎన్ని బిల్లులు వెనక్కి పంపానో లెక్కలేదు, వాటిలో న్యాయమైనవీ ఉన్నాయి. నేను అడిగేది, వెనక్కి పంపే పద్ధతి గురించి.

మా సంగతి ముందు క్లుప్తంగా చెప్తాను. పాపకి రెండేళ్లప్పుడే పొట్ట ఉబ్బింది. రక్తం తక్కువ, ప్లేట్‌లెట్లు తక్కువ. ఊళ్లో మలేరియా అన్నారు, తర్వాత తలసీమియా ఏమో అన్నారు, ఒక పెద్ద ఆసుపత్రిలో ప్లీహం తీసేద్దాం, సరిపోతుందన్నారు. మా అమ్మాయి ఎందుకో ఒప్పుకోలేదు. ఆ మొండితనానికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. చివరికి ఎంజైమ్ టెస్ట్ రాసిన డాక్టరు దొరికేసరికి రెండేళ్లు గడిచాయి. 2023లో సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్, అంటే అరుదైన వ్యాధుల వైద్యానికి కేంద్రం ఎంచిన ఆసుపత్రి ద్వారా మందు మొదలైంది. ఆర్నెల్లకి పొట్ట తగ్గింది, పిల్ల పరిగెత్తింది. పద్నాలుగో నెలలో ఫోనొచ్చింది, మీ ఎలాట్‌మెంట్ అయిపోయిందని. ఏడు నెలలు మందు లేదు. ప్లీహం మళ్లీ పెరిగింది, రాత్రిళ్లు కాళ్ల ఎముకలు నొప్పని ఏడ్చేది. ఆ తర్వాత ఒక దాత దయవల్ల మళ్లీ ఎక్కుతోంది. ఆ దయకి గడువు ఎప్పటిదాకానో ఎవరూ చెప్పలేదు, అడిగే ధైర్యం మాకూ లేదు.

ఇందులో ఆసుపత్రి తప్పు లేదు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. తప్పు రూల్‌లో ఉంది, ఆ రూల్ మీ చేతిలో ఉంది.

2021 మార్చి 30న వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానాన్ని నేను చదివాను. ట్రెజరీలో పనిచేసినవాడికి జీవో చదవడం అలవాటు. ఆ పత్రంలోనే ఒక వాక్యం ఉంది. పది కిలోల బిడ్డకి కొన్ని అరుదైన వ్యాధుల మందు ఖర్చు ఏడాదికి పది లక్షల నుంచి కోటి దాటేదాకా ఉండొచ్చని, వైద్యం జీవితాంతం సాగాలని, వయసుతో పాటు, బరువుతో పాటు మోతాదు, ఖర్చు రెండూ పెరుగుతాయని అందులో రాశారు. అంటే మా ఇంట్లో పెన్ను పట్టుకుని వేసుకునే లెక్క మీకూ తెలుసు. తెలిసి కూడా 2022 మేలో సవరించినప్పుడు, వైద్యాన్ని బట్టి వ్యాధులని విడదీసిన అన్ని గ్రూపులకీ కలిపి ఒకే అంకె పెట్టారు: రోగికి యాభై లక్షల దాకా. అంతకు ముందు ఇరవై లక్షలే, అదీ ఒకసారి వైద్యంతో నయమయ్యే మొదటి గ్రూపుకే. కాబట్టి ఇది మెరుగే, కాదనను. మూలుగ మార్పిడి చేస్తే నయమయ్యే బిడ్డకి యాభై లక్షలు చాలా మటుకు సరిపోతాయి. జీవితాంతం మందు కావాల్సిన బిడ్డకి అదే అంకె ఏం చేస్తుంది? మొదలుపెట్టించి ఆపిస్తుంది.

ప్రభుత్వ పనుల్లో ఒక పద్ధతి ఉంది. చిన్న కల్వర్టు కట్టాలన్నా ముందు పూర్తి అంచనా వేస్తారు, దానికి మంజూరు తీసుకుంటారు, తర్వాతే పని. అంచనా కోటి అయితే, యాభై లక్షలు శాంక్షన్ చేస్తున్నాం, సగం కట్టి ఆపండి అని ఏ ఇంజనీరూ రాయడు. అలా రాసిన బిల్లు నా టేబుల్ మీదికి వస్తే నేనే ఆబ్జెక్షన్ వేసేవాడిని. సగం కట్టిన కల్వర్టు మీద ఎవరూ దాటరు, ఆ డబ్బు వృథా అని ఆడిట్ కూడా రాస్తుంది. మా పాప మీద పెట్టిన మొదటి పద్నాలుగు నెలల ఖర్చులో ఎంత భాగం ఆ ఏడు నెలల్లో కొట్టుకుపోయిందో లెక్క కట్టే ఆడిటరు లేడు.

ఇక్కడ మా తోడల్లుడి మాట చెప్పాలి, ఎందుకంటే మీ కమిటీలో కూర్చున్నవాళ్లు కూడా మనసులో అదే అనుకుంటూ ఉంటారు. ఆయనది పలాస దగ్గర పల్లె. ఉద్దానంలో ఇంటికొకరు కిడ్నీ రోగంతో పోవడం కళ్లారా చూసినవాడు. ఒకసారి పెళ్లి భోజనాల దగ్గర నన్ను పక్కకి తీసుకెళ్లి అన్నాడు, "బావా, కోపం తెచ్చుకోకు. ఒక్క పిల్లకి ఏడాదికి అయ్యే డబ్బుతో మా వూళ్లో ఎంతమందికి డయాలసిస్ అవుతుందో ఎప్పుడైనా లెక్క వేశావా?" వేశాను. నిద్ర పట్టని రాత్రి ఎవరైనా వేస్తారు. ఉద్దానం రోగులకి డయాలసిస్ సెంటర్లు, పింఛన్లు, 2023 డిసెంబర్‌లో పలాసలో తెరిచిన కిడ్నీ ఆసుపత్రి, ఇవన్నీ ఎన్నేళ్లు మొత్తుకుంటే వచ్చాయో నాకు తెలుసు. మన్యంలో సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్న పిల్లలున్నారు. ఎక్కువమందికి తక్కువ ఖర్చుతో మేలు చేసేవాటికి ముందు పెద్దపీట అని మీ విధానంలో రాసిన మాట తప్పని నేననను.

కానీ ఆయన ప్రశ్నకి యాభై లక్షల పరిమితి జవాబు కాదు. ఈ ఖర్చు న్యాయమైనదైతే మధ్యలో ఆపకూడదు. న్యాయమైనది కాకపోతే మొదటి రూపాయి కూడా పెట్టకూడదు. ఇవ్వాలా వద్దా అని తేల్చలేక మధ్యలో ఒక అంకె పెట్టుకున్నారు. దానివల్ల ఉద్దానానికి మిగిలిందీ లేదు, మా పాపకి నిలిచిందీ లేదు.

అసలు తేల్చాల్సింది మందు మందుకీ విడివిడిగా. రోగికి ఇంత అని కాదు. ఈ మందు ఏ వ్యాధిలో, ఏ దశలో, ఏ వయసులో ఎంత మేలు చేస్తుంది? దానికి మనం ఇవ్వదగ్గ ధర ఎంత? ఆ ధరకి రాకపోతే ఏం చేస్తాం? మొదలుపెట్టాక ఎవరు కొనసాగిస్తారు, ఏ పరిస్థితిలో ఆపుతాం? ఈ నాలుగూ తేలకుండా వేసే అంకె ఏదైనా గాలిలో వేసినట్టే.

ధర సంగతి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన ఊరి కంపెనీ ఒకటి ఈ మధ్య ఆ లెక్కంతా తలకిందులు చేసింది. ఎస్ఎంఏ అంటే స్పైనల్ మస్కులర్ అట్రోఫీ. వెన్నుపాములో కండరాలని కదిలించే నరాలు చచ్చిపోతూ వస్తాయి. దానికి తాగే మందు రిస్డిప్లామ్. స్విస్ కంపెనీ రోష్ అమ్మే సీసా మన దేశంలో ఆరు లక్షల పైచిలుకు ఉండేది, దాదాపు 6.2 లక్షలు. సీసాలో 60 మిల్లీగ్రాముల మందు. ఇరవై కిలోలు దాటిన వాళ్లకి రోజుకి 5 మిల్లీగ్రాములు, అంటే సీసా పన్నెండు రోజులు వస్తుంది, ఏడాదికి ముప్పై సీసాలు. కంపెనీ ఇచ్చే ఉచిత సీసాల స్కీములు పక్కనపెట్టి చూస్తే, ఆ ధరకి మీ యాభై లక్షలకి ఎనిమిది సీసాలు. తొంభై ఆరు రోజులు.

హైదరాబాద్ నాట్కో ఫార్మా అదే మందుని తయారుచేస్తామంది. రోష్ పేటెంట్ పేరు మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. 2025 మార్చిలో సింగిల్ జడ్జి ఆపమనలేదు. అక్టోబర్‌లో డివిజన్ బెంచ్ కూడా ఆపమనలేదు. ఆ నెలలోనే సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. నాట్కో సీసా ధర రూ. 15,900 పెట్టింది. ఏడాదికి ముప్పై సీసాలు, 4 లక్షల 77 వేలు. ఇప్పుడు అదే యాభై లక్షలకి మూడు వందల పద్నాలుగు సీసాలు. పదేళ్లు దాటి వస్తాయి.

తొంభై ఆరు రోజులు ఒకవైపు, పదేళ్లు ఒకవైపు. రోగి మారలేదు, వ్యాధి మారలేదు, మీ రూల్ మారలేదు. మారింది ధర ఒక్కటే. ఇది చూశాక కూడా మన చర్చంతా రోగికి ఎంత ఇవ్వాలి అన్నచోటే తిరుగుతోంది. కంపెనీకి ఎంత ఇవ్వాలి అన్న ప్రశ్న మీ కమిటీ ముందుకి ఎప్పుడు వస్తుంది? కేరళ హైకోర్టు ఒక ఎస్ఎంఏ రోగికి యాభై లక్షలు దాటాక కూడా మందు ఇవ్వమంటే, 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. ఆ విచారణలోనే ఈ మందు చైనాలో, పాకిస్తాన్‌లో ఇక్కడికంటే చవకగా దొరుకుతోందన్న వాదన వచ్చింది. ఇంత పెద్ద దేశం మనది, బేరం ఆడటానికి మనకేం తక్కువ? మా ట్రెజరీలో పెన్ను, కాగితం కొనాలన్నా మూడు కొటేషన్లు అడిగేవాళ్లం.

ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, ఒక్కో సెంటర్ ఒక్కో రోగి పేరు మీద నాలుగైదు సీసాల ఇండెంట్ పెడుతుంది. అమ్మేవాడికి ఎదురుగా నిలబడింది ఒంటరి తండ్రి, ఒంటరి డాక్టరు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ మామూలు మందులని ఎంఎస్ఐడీసీలు, అంటే సర్కారు ఆసుపత్రులకి మందులు కొనే సంస్థలు, టెండర్ పిలిచి రాష్ట్రం మొత్తానికి కలిపి కొంటాయి కదా. దేశం మొత్తానికి గౌచర్ రోగులు ఎంతమందో, వాళ్ల బరువులెంతో, వచ్చే మూడేళ్లకి ఎన్ని సీసాలు కావాలో లెక్కతీసి ఒకే టెండర్ పిలవడానికి అడ్డేమిటి? వ్యాధి అరుదైతే లెక్కపెట్టడం ఇంకా తేలికే.

ఇంకో సంగతి. 2023 నవంబర్‌లో ఆరోగ్య శాఖే ఒక ప్రకటన చేసింది, మన కంపెనీలు కొన్ని అరుదైన వ్యాధుల మందులు తయారుచేశాయని. టైరోసినీమియా అనే వ్యాధికి వాడే నిటిసినోన్ ఏడాది ఖర్చు 2.2 కోట్ల నుంచి రెండున్నర లక్షలకి దిగుతుందన్నారు. గౌచర్‌కి వాడే ఎలిగ్లుస్టాట్ గుళికలు 1.8 నుంచి 3.6 కోట్ల దాకా ఉండేవి, మూడు నుంచి ఆరు లక్షలకి వస్తాయన్నారు. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో పండగ. మర్నాడు డాక్టరుని అడిగితే, మీ పాపకి ఇప్పుడే ఇది పనికిరాదండీ, పెద్దయ్యాక చూద్దాం అన్నారు. మేం డీలా పడలేదు. పెద్దయ్యాక అన్నమాటలోనే నాకొక లెక్క కనపడింది. ఎంజైమ్ ఖర్చు ఈ రేటున యాభై ఏళ్లు ఉండదు. పిల్ల పెద్దయ్యేదాకా నిలబెడితే, తర్వాత గుళికలకి మారే దారి ఉండొచ్చు, ఎంజైమ్ ధరే దిగొచ్చు. జీవితకాలం ఖర్చు అని ఈ రోజు ధరని యాభైతో గుణించి బెంబేలెత్తేవాళ్లు ఆ గుళికల పాత ధరనీ కొత్త ధరనీ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చూడాలి.

కోర్టులని కూడా మీరు తప్పు పట్టలేరు. 2024 అక్టోబర్ 4న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఇచ్చిన తీర్పు అరుదైన వ్యాధులకి జాతీయ నిధి పెట్టమంది, 2024-25, 2025-26 సంవత్సరాలకి 974 కోట్లు కేటాయించమంది. వాడలేదన్న పేరుతో ఆ డబ్బు ల్యాప్స్ కాకూడదని కూడా అంది. ఆ మాట చదివి నాలో ట్రెజరీవాడు లేచి కూర్చున్నాడు. మార్చి 31 రాత్రి ఎన్ని హెడ్లలో ఎంత డబ్బు మురిగిపోతుందో చూసినవాడికే ఆ వాక్యం విలువ తెలుస్తుంది. అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఏ మందు కొనాలో కోర్టు తేల్చడం నాకూ ఇష్టం లేదు. కోర్టుకి ఎక్కగలిగిన తండ్రికి ఒక న్యాయం, పాడేరు నుంచి వచ్చి లాయరు ఫీజు కూడా ఇవ్వలేని తండ్రికి ఒక న్యాయం అవుతుంది. మీరు తేల్చనందువల్లే ఆ పని జడ్జీల మీద పడింది.

జడ్జీల మీదే కాదు, జనం మీద కూడా పడింది. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడికి ఎస్ఎంఏ ఇంజెక్షన్ కోసం వేలమంది తలా కాస్త వేసి పదహారు కోట్లు పోగుచేశారు. గొప్ప సంగతే, ఆ జనానికి నమస్కారం. కానీ ఆ వీడియోల్లో బాగా కనపడే పిల్లలకే డబ్బు వస్తుందని అరుదైన వ్యాధుల కుటుంబాలన్నిటికీ తెలుసు. ముద్దుగా ఉండాలి, నవ్వాలి, తల్లి ఇంగ్లీషు మాట్లాడగలగాలి. మా పాపకి ఉబ్బిన పొట్ట, సన్నటి కాళ్లు. వీడియో తీయడానికి వచ్చిన కుర్రాడు, పొట్ట కనపడేలా పడుకోబెట్టండి, ఎఫెక్ట్ ఉంటుంది అన్నాడు. మా అమ్మాయి వాణ్ణి బయటికి పంపేసింది. అలాగే ముఖ్యమంత్రి కాన్వాయ్ వెళ్లే దారిలో ప్లకార్డు పట్టుకుని నిలబడితే మందు దొరికిన బిడ్డలూ ఉన్నారు. ఆ బిడ్డలు చల్లగా ఉండాలి. కానీ కాన్వాయ్ రాని రోడ్డు పక్క ఇళ్లేం చేయాలి?

ఇక అసలు మాటకొస్తాను. కాదని చెప్పడం గురించి.

ఆసుపత్రి వరండాలో నాకొక తండ్రి పరిచయమయ్యాడు. ఆయన బాబుకీ గౌచరే, కానీ రెండో రకం. అందులో మెదడు దెబ్బతింటుంది. ఈ ఎంజైమ్ రక్తం నుంచి మెదడులోకి దాటదు, అందుకే ఆ రకానికి ఇచ్చినా ఫలితం ఉండదు. మీ విధానంలో కూడా ఒకటో రకం, మూడో రకం మాత్రమే ఉన్నాయి. డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, బొమ్మ గీసి, గంటసేపు చెప్పారు. ఆయన బయటికొచ్చి నా పక్కన కూర్చుని, "ఇస్తే పనిచేస్తుందని ఉంటే ఇల్లు అమ్మేవాణ్ణి బాబాయ్, పనిచేయదంట, అర్థమయింది" అన్నాడు. బాబుని భుజాన వేసుకుని బస్టాండుకి వెళ్లిపోయాడు. ఆయనకి చెప్పింది కాదనే. కానీ అది కారణం ఉన్న కాదు. మాకు చెప్పింది ఎలాట్‌మెంట్ అయిపోయిందని. దాన్ని ఇప్పటికీ మా అమ్మాయి మింగలేకపోతోంది.

బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ ఉంది. మంచి ఆరోగ్యంతో గడిపే ఒక ఏడాదికి ఎంత ఖర్చు అని లెక్కకట్టి, ఆ దేశంలో సర్కారు ఏ మందు కొనాలో చెప్తుంది. మామూలు మందులకి ఒక గీత, మరీ అరుదైన వ్యాధులకి ఇంకా ఎత్తున ఇంకో గీత. లక్ష పౌండ్ల నుంచి, మేలు మరీ ఎక్కువైతే మూడు లక్షల పౌండ్ల దాకా. ఆ గీత ఎత్తు మనకి పనికిరాదు, మన జేబు వేరు. నేను నేర్చుకోమనేది గీత ఎత్తు కాదు, గీత ఉండటం. వాళ్లు కాదన్నప్పుడు ఎందుకు కాదన్నారో పత్రం ఉంటుంది, రోగుల సంఘాలు దాని మీద అభ్యంతరం చెప్పొచ్చు, కంపెనీ ధర తగ్గించుకుని మళ్లీ రావొచ్చు. ఎస్ఎంఏకి వాడే స్పిన్‌రాజా విషయంలో జరిగిందదే. 2018లో ముసాయిదాలో వద్దన్నారు. 2019లో కొత్త ఒప్పందంతో, కొన్నేళ్లు వాడి ఫలితాలు రాసిపెట్టి మళ్లీ చూసే షరతు మీద సరే అన్నారు. వాళ్ల పద్ధతిలో లోపాల్లేవని కాదు. గీత ఎక్కడుందో తెలిశాక కంపెనీలు ధరని సరిగ్గా గీత కిందికి తెచ్చి ఆపుతాయి, అది వ్యాపారుల తెలివి. అయినా గీత లేని చోట ఆకాశమే హద్దు.

మనకీ కేంద్రంలోనే హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్ విభాగం ఉంది, ఆరోగ్య పరిశోధన శాఖ కింద. లెక్కలు కట్టేవాళ్లున్నారు. అరుదైన వ్యాధుల జాబితాలో ఉన్న ఖరీదైన మందులన్నిటినీ ఒక్కొక్కటిగా వాళ్ల ముందు పెట్టండి. ప్రతి మందుకీ రెండు పేజీల నిర్ణయం తెలుగుతో సహా జనం భాషల్లో పెట్టండి. ఏ మందుకి సరే అన్నారో దానికి రోగి పేరు మీద పరిమితి తీసేయండి, ధర మీద పరిమితి పెట్టండి. కొత్తవాళ్లని చేర్చుకునే ముందు, ఇప్పటికే మొదలైన పిల్లల మందుకి డబ్బు పక్కన పెట్టండి. మందు పనిచేయడం మానేస్తే ఆపండి. ప్లీహం సైజు, రక్తం లెక్కలు, ఎముకల స్కాన్ ఆర్నెల్లకోసారి చూసి నిర్ణయించండి, మేం సంతకం పెడతాం.

ఈ పద్ధతిలో గౌచర్ ఎంజైమ్‌కే కాదంటే? ఆ ప్రశ్న మా ఇంట్లో కూడా వచ్చింది. మా అల్లుడు అడిగాడు. నేను చెప్పిన జవాబే మీకూ చెప్తున్నాను. అప్పుడు ఏడుస్తాం, పోరాడతాం, ఇంకో కంపెనీ కోసం చూస్తాం. కానీ పద్నాలుగు నెలలు ఆశపెట్టి ఆపినందుకు ఏడ్చినట్టు ఏడవం.

అల్లుడి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా రాయాలి, దాచుకోవడం పెద్దరికం కాదు. మా అల్లుడు మా అక్క కొడుకే. మేనరికం. సంబంధం కుదిర్చింది నేనే. తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా ఒకే చెడ్డ జన్యువు ఉంటేనే ఇలాంటి వ్యాధి వస్తుందని, రక్త సంబంధంలో చేసుకుంటే ఆ ప్రమాదం పెరుగుతుందని నాకు అప్పుడు తెలియదు. మన తెలుగునాట మేనరికాలు ఎన్నున్నాయో మీకు చెప్పక్కర్లేదు. మీరే చేసుకున్నారు కదా అని ఒకాయన నాతో ముఖం మీదే అన్నాడు. సిగరెట్ తాగినవాడికి కేన్సర్ వైద్యం ఆపుతామా? పైగా ఇది చేసింది నేను, సూదులు పొడిపించుకునేది ఆ పిల్ల.

ఇక్కడే రెండు రాష్ట్రాల మంత్రులకి నా విన్నపం. కోట్ల మందుల గురించి కోర్టుల దాకా వెళ్తున్నాం, కానీ రూపాయల్లో అయ్యే వ్యాధులని వదిలేస్తున్నాం. బయోటినిడేస్ లోపం అని ఒకటుంది. పుట్టిన బిడ్డ మడమ నుంచి రెండు చుక్కల రక్తం తీసి ఫిల్టర్ పేపర్ మీద పెట్టి పరీక్షిస్తే తెలుస్తుంది. వైద్యం బయోటిన్ అనే విటమిన్ బిళ్ల. ఇవ్వకపోతే ఫిట్స్, చెవుడు, ఇంకా ఘోరాలు. గోవా చిన్న రాష్ట్రం, 2008లోనే సర్కారు ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లలకి ఇలాంటి స్క్రీనింగ్ మొదలుపెట్టింది. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ లాంటి జన్యు పరీక్షల సంస్థని పక్కన పెట్టుకుని మనం ఏం చేస్తున్నాం? మా పాపకి పోయిన రెండేళ్లు ఖరీదైన మందు లేక పోలేదు. ఏ జబ్బో తెలియక పోయాయి.

ఆరోగ్యశ్రీ లాంటి పథకం పెట్టిన నేల మనది. 2007 నుంచి చూస్తున్నాను, ఎంతమంది గుండెలు బాగుపడ్డాయో. కానీ అది ఆసుపత్రిలో చేరి, ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్లే రోగి కోసం అల్లిన పథకం. పరిమితి ఇరవై ఐదు లక్షలైనా పది లక్షలైనా, జీవితాంతం పక్షానికోసారి మందు ఎక్కించుకునే బిడ్డ దాంట్లో ఇమడదు. కేరళ 2024లో అరుదైన వ్యాధులకి విడిగా కేర్ అనే పథకం పెట్టి, ఎస్ఎంఏ పిల్లలకి మందు తనే ఇస్తోంది. మనం వాళ్లని కాపీ కొట్టినా ఎవరూ ఏమీ అనుకోరు.

కేంద్రం చేసిన మంచి పనులూ ఉన్నాయి. 2023 ఏప్రిల్ నుంచి సొంతానికి తెప్పించుకునే అరుదైన వ్యాధుల మందుల మీద కస్టమ్స్ సుంకం తీసేశారు. 2025 సెప్టెంబర్‌లో మా పాప వాడే ఎంజైమ్ మీద కూడా జీఎస్టీ సున్నా చేశారు. మంచిదే. కానీ సుంకం తీసేసిన ధర కూడా కంపెనీ రాసిన ధరే.

చివరగా ఒకటి. బిల్లు వెనక్కి పంపేటప్పుడు మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. ఎర్ర ఇంకుతో ఆబ్జెక్షన్ రాయాలి, ఏ రూలు ప్రకారమో నంబరు వేయాలి, ఏం సరిచేసి తెస్తే పాస్ అవుతుందో రాయాలి, కింద పూర్తి సంతకం పెట్టాలి. "నిధులు లేవు" అని ఊరికే రాసి పంపితే మా పై ఆఫీసరు పిలిచి చీవాట్లు పెట్టేవారు. మా పాప మందు కొనసాగించమని మా అమ్మాయి పెట్టుకున్న దరఖాస్తు మీ దగ్గరికి వచ్చి ఏడాది దాటింది. జవాబు లేదు. ఆ జవాబు కాదనే అయితే, దయచేసి నేను రాసేవాడిని చూశారూ, అలా రాసి పంపండి. మా అమ్మాయి పేరుకి కాకుండా నా పేరుకి పంపండి. నేను చదివి, ఇంట్లో ఎలా చెప్పాలో ఆలోచించుకుంటాను.

ఇట్లు,
రిటైర్డ్ సబ్ ట్రెజరీ ఆఫీసరు,
శ్రీకాకుళం జిల్లా